సిస్టరమ్మ వాచీలో లేని ముల్లు

మొన్న బెంగళూరులో మా ఆఫీసువాళ్ళు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షలకి వెళ్ళాను. అక్కడున్న అమ్మాయి నా వేలికి ఒక క్లిప్పు తగిలించి, అంకె వచ్చేదాకా ఫోను చూసుకుంటూ నిలబడింది. అంకె వచ్చింది, రాసుకుంది, "నెక్స్ట్" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆ క్లిప్పు మనుషులకన్నా సరిగ్గానే లెక్కపెడుతుంది. అయినా నాకు చిర్రెత్తుకొచ్చింది. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదని కోపం. నలభై దాటిన మనిషికి రావలసిన కోపమేనా ఇది అని బయటికొచ్చి కాఫీ తాగుతూ ఆలోచిస్తే అప్పుడు తెలిసింది, అది కోపం కాదు, సిస్టరమ్మ మీద బెంగ అని.

ఆవిడ పోయి ఏడాది దాటింది. అసలు పేరు రాయను. రాసినా టెక్కలిలో ఎవరూ పోల్చుకోరు. మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళకి పైగా నర్సుగా చేసింది కాబట్టి ఊరంతటికీ సిస్టరమ్మే. మా నాన్న రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా. మా ఇంటి పక్క వాటాలో ఆవిడ ఉండేది. మధ్యలో ఒక పిట్టగోడ. మా అమ్మ పూజకి పువ్వులు ఆ గోడ అవతలున్న నందివర్ధనం చెట్టువి, ఆవిడ ఆదివారం కూరలో కరివేపాకు మా చెట్టుది.

సన్నగా, పొడుగ్గా, గంజిపెట్టిన తెల్లచీరలో ఉండేది. మెడలో ఏమీ లేదు, చేతికి గాజుల్లేవు. ఉన్నదల్లా ఎడమచేతికి ఒక మగవాళ్ళ స్టీలు వాచీ. ఆ సన్నటి మణికట్టుకి అది ఎంత పెద్దదంటే, పట్టీకి ఉన్న చిల్లులు చాలక ఇంకో నాలుగు చిల్లులు ఆవిడే సూది కాల్చి పొడుచుకుంది. డయలు ఎప్పుడూ చేతి లోపలివైపుకే.

అలా ఎందుకు కట్టుకుంటారని చిన్నప్పుడు అడిగాను.

"మనం గడియారం సూత్తన్నట్టు జబ్బుమనిసికి కనబడకూడదే గుంటా," అంది. "బేగి ఎలిపోతాది గావాల అనుకుంటాడు."

అది ఒక కారణం. ఇంకో కారణం ఆవిడ నాడి చూసే పద్ధతిలో ఉంది. ఎడమ అరచెయ్యి వెల్లకిలా పెట్టి మన చెయ్యి అందులో పెట్టుకునేది. కుడిచేతి మూడు వేళ్ళు మన మణికట్టు మీద ఆనించేది. అప్పుడు ఆ వాచీ సరిగ్గా ఆవిడ కళ్ళ ముందుకి వచ్చేది. ఇక నిమిషం నిండేదాకా లోకం మునిగిపోయినా తల ఎత్తదు. కొంతమంది పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తారట. ఆవిడకి అది దొంగతనంతో సమానం. పెదవులు మాత్రం కదిలేవి. ఒకసారి మా అమ్మకి జ్వరం ముదిరినప్పుడు నేను గుమ్మంలో నిలబడి ఆ పెదవులే చూస్తూ, అమ్మ కోసం ప్రార్థన చేస్తోందనుకుని చేతులు జోడించాను. అయ్యాక చెప్తే తెగ నవ్వింది.

"నెక్కెట్టుకుంటన్నానే పిచ్చిదానా. పార్దన తరవాత. ముందు నెక్క సరిగ్గా ఉండాల, అప్పుడు కదా ఆయనకి ఏటి అడగాలో తెలిసేది!"

ఎవరి చెయ్యి అయినా సరే, అడగక్కర్లేదు. కూరగాయల దగ్గర బేరమాడుతూ అవతలివాడి చెయ్యి అందుకునేది. ముందు అంకె చెప్పేది, తరవాత ఒక మాట. "డెబ్బైరెండు. నీకేటి నాయనా, మా మామిడిచెట్టు కన్నా గట్టిగున్నావు." "తొంబైనాలుగు. ఎవులితో తగువాడి వచ్చినావు?" ఆ అంకె వినకుండా ఎవరూ కదిలేవారు కాదు. అంకె చెప్పిందంటే మన సంగతి ఆవిడ చూసుకుంటుందన్న ధీమా.

కోటబొమ్మాళి సంత నుంచి వస్తున్న బస్సులో ఒకసారి నేనూ ఉన్నాను. ముందు సీట్లో ఒక ముసలాయన చెమటలు కక్కుతూ వాలిపోయాడు. సిస్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఆనించి, నాడి అందక డ్రైవరు మీద గయ్యిమంది.

"ఇంజను ఆపు బాబూ! ఏది నాడో ఏది నీ బండో తెల్డం నేదు!"

హైవే మీద బస్సు ఆగింది, ఇంజను ఆగింది. సంత నుంచి వస్తున్న అరవైమంది జనం, వాళ్ళ కోళ్ళతో సహా, ఒక నిమిషంపాటు నోరు మూసుకుని కూర్చున్నారు. అంతమంది మా జిల్లావాళ్ళు ఒక్కచోట మాట్లాడకుండా ఉండడం నేను మళ్ళీ చూడలేదు. తరవాత తలెత్తి, "ఇప్పుడు పోనీ. ఆసుపత్రి దాకా ఎక్కడా ఆపకు," అంది. ముసలాయన బతికాడు. సంక్రాంతికి కాదు, దసరాకి కాదు, గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి పనసకాయ తెచ్చి ఇచ్చేవాడు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చదువయ్యాక నాకు ఒక గడియారాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, డిజైను విభాగంలో. టెక్కలిలో మా వీధికి నేను వాచీల మనిషినైపోయాను. నాలుగేళ్ళు గడిచేసరికి సిస్టరమ్మ రిటైరవుతోందని కబురు వచ్చింది. ఆసుపత్రివాళ్ళు, ఆవిడ వెళ్ళే చర్చివాళ్ళు, మా వీధివాళ్ళు అందరూ కలిసి ఒక మంచి వాచీ ఇవ్వాలనుకున్నారట. "నువ్వే తే, నీకు తెలుసును కదా," అన్నారు. నాకు తెలుసునని నాకూ గట్టి నమ్మకం.

మా కంపెనీలో ఆడవాళ్ళ కోసం చేసిన ఒక పాత మోడలు ఉంది. మా ఇంట్లోవాళ్ళు పెద్దకోడలి గురించి మాట్లాడినట్టు కంపెనీలో అందరూ దాని గురించి గౌరవంగా మాట్లాడతారు. కోలగా చింతగింజంత డయలు, బంగారు గొలుసు, అంకెలు లేవు, సన్నటి ముళ్ళు రెండే. అన్నిట్లోకీ ఖరీదైనది, అన్నిట్లోకీ నాజూకైనది. అదే తెచ్చాను. అది పెట్టిన మఖమలు డబ్బా రైల్లో పలాస చేరేదాకా ఒళ్ళోంచి దించలేదు.

చర్చి పక్కన హాల్లో సభ. డబ్బా తెరిచి ఆవిడ చేతికి నేనే కట్టాను, లోపలివైపుకే. చప్పట్లు కొట్టారు. ఆవిడ వాచీని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది, చెవి దగ్గర పెట్టుకుంది. "ఓలమ్మ, ఎంత ముద్దుగున్నాదో!" అంది. తరవాత అలవాటుకొద్దీ పక్కన కూర్చున్న పాస్టరమ్మగారి చెయ్యి అందుకుంది. అరచేతిలో పెట్టుకుని, మూడు వేళ్ళు ఆనించి, తల వంచింది. కాసేపు అలాగే ఉండి చెయ్యి వదిలేసింది.

"బాగున్నావమ్మా," అంది.

అంకె చెప్పలేదు. అక్కడున్నవాళ్ళం ఎవరం పట్టించుకోలేదు. నేనైతే అసలు పట్టించుకోలేదు. కేకు బాగుందని రెండో ముక్క తింటున్నాను.

తరవాత ఆవిడ జలంత్రకోటలో అక్కగారి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను బెంగళూరులో పెళ్ళి, పిల్ల, ట్రాఫిక్కు. ఏడెనిమిదేళ్ళు ఇట్టే పోయాయి. అప్పుడు మా కంపెనీవాళ్ళకి ఆ పాత మోడలు ఈ కాలానికి తగ్గట్టు మార్చాలన్న ఆలోచన వచ్చింది. ఆ పని నాకు అప్పగించారు. మీటింగులో ఒకరు రాళ్ళు పొదుగుదామన్నారు, ఒకరు ముత్యపుచిప్ప డయలన్నారు, ఒకరు గులాబిరంగు బంగారమన్నారు. చివరికి మా విభాగం పెద్దాయన, పాతది వాడుతున్న పదిమంది ఆడవాళ్ళని కలిసి ఏం మార్చాలో అడిగి రమ్మన్నాడు. తొమ్మిదిమంది బెంగళూరులోనే దొరికారు. పదో పేరు సిస్టరమ్మది రాశాను. ఊరికి వెళ్ళడానికి సాకు దొరికిందని సంబరపడ్డాను గానీ, ఆవిడ దగ్గర నేర్చుకునేది ఉందనుకోలేదు.

జలంత్రకోటలో వాళ్ళ ఇల్లు కొబ్బరితోట అంచున ఉంది. వాకిట్లో జీడిపిక్కలు ఆరబోసి ఉన్నాయి. సిస్టరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తల తెల్లబడింది, చీర మాత్రం గంజిపెట్టిందే. ఎడమచేతికి నేను తెచ్చిన బంగారు వాచీ. దాన్ని చూసి నాకు కడుపు నిండింది. అరుగు కింద నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఆ ఊరున్న ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి. ఆసుపత్రికి వెళ్ళేముందు ఒకసారి, వెళ్ళొచ్చాక ఒకసారి ఆవిడకి చెయ్యి చూపించుకుంటే గానీ వాళ్ళకి తోచదు.

"మావా, సెయ్యి ఇలాగ తే," అంది ఆవిడ ఒక పెద్దాయనతో. చెయ్యి అందుకుని, పక్కనున్న సంచిలోంచి పాత స్టీలు వాచీ తీసి మోకాలి మీద పెట్టుకుంది. దాన్ని చూస్తూ లెక్కపెట్టింది.

నాకు అర్థం కాలేదు. వాళ్ళందరూ వెళ్ళాక అడిగాను. "నేను తెచ్చింది ఆగిపోయిందేటి సిస్టరమ్మా?"

"నేదమ్మా. బాగా తిరుగుతోంది."

"మరి అదెందుకు?"

ఆవిడ స్టీలు వాచీని సంచిలోకి తోసేసింది. జీడిపిక్కలు తిరగేస్తున్న అక్కగారు ఉండబట్టలేకపోయింది. "దానికి సెకన్ల ముల్లు నేదు కదే! ముల్లు నేకండా నాడెలగ సూత్తాది? నువ్వొత్తన్నావని పొద్దున్నే తీసి ఎట్టుకున్నాది గానీ, మామూలు రోజుల్లో అది పెట్టెలోనే ఉంటాది."

"ఒల్లకో అప్పా," అంది సిస్టరమ్మ, ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపి.

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. వాచీల మనిషిని. ఆ మణికట్టు మీద ముల్లు తిరగడం చూస్తూ పెరిగిన దాన్ని. ఒక నర్సుకి, అందులోనూ ఈవిడకి, నాడి చూడడానికి పనికిరాని వాచీ ఏరి కోరి మోసుకొచ్చాను. హాల్లో ఆవిడ అంకె చెప్పకపోవడం అప్పుడు గుర్తొచ్చింది.

"అప్పుడే చెప్పొచ్చు కదా! మార్చి తెచ్చేదాన్ని."

"ఏటని సెప్పమంటావు? అంతమంది ఆశపడి ఇచ్చినారు. నువ్వు డబ్బా గుండెకి అట్టుకుని వచ్చినావు." కాసేపు ఆ చింతగింజంత డయలు నిమురుతూ కూర్చుంది. "అయినా ఇది ఊరికే ఏటి నేదు. ఆదివారం పార్దనకి గుడికి ఇదే ఎట్టుకెల్తాను. దీంతో నెక్కెట్టలేను కదా. ఆ ఒక్కపూటా ఎవులి సెయ్యి అట్టుకున్నా ఊరికే అట్టుకుంటాను. ఇన్నేళ్ళల్లో అలగ ఎప్పుడూ అట్టుకోనేదు నాను."

నా మనసు తేలిక పడాలని అందో, నిజంగానే అందో తెలియదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా సంచిలోంచి నోటు పుస్తకం తీసి, "ఈసారి మీరు చెప్పినట్టు చేయిస్తాను. ఏం మార్చాలి?" అన్నాను.

"మార్సడం నీ సేతుల్లో ఉన్నాదేటి?"

"ఉంది," అన్నాను. లేదు.

ఆవిడ నా మాట పూర్తిగా నమ్మేసి ఆలోచించింది. "ముల్లు ఎర్రగా ఉండాల. ముసిలి కళ్ళకి ఆనాల. గీతలు కాదు, అంకెలుండాల. ముల్లు జారకూడదు, టక్కు టక్కుమని దూకాల. జారిపోతే ఎక్కడ మొదలెట్టినామో తెల్దు." కాస్త ఆగి సిగ్గుపడుతూ, "సోకు మాత్రం తగ్గించకు. నర్సులకి సోకుండదేటి?" అంది.

బెంగళూరు తిరిగి వెళ్ళి ఇదంతా చెప్తే మా పెద్దాయన నవ్వాడు. చెడ్డవాడు కాదు, వాచీలంటే ప్రాణం. "అది నగమ్మా. రెండు ముళ్ళే దాని అందం. సెకన్లు కావాలంటే ఫోను చూసుకుంటారు," అన్నాడు.

"ఒక చేతిలో రోగి చెయ్యి, రెండో చేతి వేళ్ళు నాడి మీద ఉంటే ఫోను ఏ చేత్తో పట్టుకోవాలి సార్?" అన్నాను. నా గొంతు నేననుకున్నదానికన్నా పెద్దదైపోయింది. ఎనిమిది నెలలు కొట్లాడాను. మూడో ముల్లు పెడితే మందం పెరుగుతుందన్నారు, ఒక బియ్యపుగింజంత పెరగనివ్వండి అన్నాను. ఖరీదైన వాచీలో ముల్లు జారాలి గానీ దూకకూడదన్నారు, దూకి తీరాలన్నాను. ఎరుపు చవకగా ఉంటుందన్నారు, దానిమ్మగింజ ఎరుపు తెచ్చి చూపించాను. కోల ఆకారం అలాగే ఉంచాం. చింతగింజంత డయలు పనసగింజంత అయింది. చుట్టూ సన్నటి అంకెలు. ఆఖరికి పెద్దాయన చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది మొదటినుంచీ ఇలాగే ఉండాల్సింది," అన్నాడు.

ఆ మాట సిస్టరమ్మకి చెప్పాలని ఫోను చేస్తే అక్కగారు ఎత్తింది. సిస్టరమ్మకీ అదే కిడ్నీ జబ్బట. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటోందట. ఇన్నాళ్ళూ ఊరందరి చేతులూ చూస్తూ తన సంగతి బయటికి చెప్పలేదు. మొదటి నమూనా వాచీ పెద్దాయన్ని అడిగి తీసుకుని రైలెక్కాను.

నేను వెళ్ళింది ఆదివారం పొద్దున్న. ఆవిడ చర్చికి వెళ్ళలేక మంచం మీద కూర్చుని ఉంది, గంజిపెట్టిన చీరలోనే. డబ్బా తెరిచాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఓలమ్మ! ఎర్రముల్లు! దూకతన్నాదే!"

ముల్లు ఒక చుట్టు పూర్తయ్యేదాకా చూసింది. ఇంకో చుట్టు కూడా చూసింది. పెదవులు కదులుతున్నాయి. నేను వాచీ తీసి ఆవిడ ఎడమచేతికి కట్టబోయాను. ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ సేతికి ఇంక కట్టకూడదమ్మా," అంది మెల్లగా. చెంగు తొలగించి చూపించింది. మణికట్టు నుంచి మోచేతి దాకా రక్తనాళం తాడులా ఉబ్బి ఉంది. డయాలసిస్ కోసం ఆపరేషను చేసిన చెయ్యి. దానికి వాచీ కట్టకూడదు, గాజు వెయ్యకూడదు, బరువు పెట్టకూడదు. నా వేళ్ళు పట్టుకుని దాని మీద ఆనించింది. లోపల తుమ్మెద ఉన్నట్టు జుమ్మంటోంది.

ఎనిమిది నెలలు నేను కొట్లాడింది ఆ ఒక్క చెయ్యి కోసం. రెండోసారి కూడా ఆవిడకి పనికిరాని వాచీయే తెచ్చాను.

"కుడిచేతికి పెట్టుకోండి," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"కుడిసేతికి కడితే నాడి అట్టుకున్నప్పుడు ముల్లు కిందకి తిరిగిపోదేటి? ఈ అరసెయ్యేగదా వాటం." నా మొహం చూసి నవ్వింది. "ఏడవకు. నువ్వు కట్టుకో. లోపలికి తిప్పి కట్టుకో. ఇన్నేళ్ళు వాచీలు సేత్తన్నావు, నాడి సూడ్డం వచ్చునా?"

"రాదు."

"కూకో."

కట్టుకున్నాను, జీవితంలో మొదటిసారి లోపలివైపుకి. ఎడమ అరచెయ్యి వెల్లకిలా పెట్టమంది, పెట్టాను. అందులో తన కుడిచెయ్యి పెట్టింది. పండుటాకంత బరువు లేదు. నా మూడు వేళ్ళు ఎక్కడ ఆనాలో తనే జరిపి, "బొటనేలు తగలకూడదు, దానికీ నాడుంటాది. పన్నెండు మీదకి రానీ ముల్లు. ఆఁ, నెక్కెట్టు," అంది.

ముప్ఫై దాకా వెళ్ళి తప్పాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టాను. ఎర్రముల్లు టక్కు టక్కుమని దూకుతోంది, దాని పక్కనే ఆవిడ నాడి, నా వేళ్ళ కింద. ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. నిమిషం నిండింది.

"ఎంత?"

"డెబ్బైఎనిమిది."

"సరిపోనాది," అంది. తనూ లోపల లెక్కపెట్టుకుంటూనే ఉంది.

ఇక చెయ్యి దించబోయాను. ఆవిడ వేళ్ళు నా మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి.

"ఒగ్గీకు, అలగే అట్టుకో," అంది కళ్ళు తెరవకుండానే. "ఇంక ముల్లు సూడకు. ఈ రోజు ఆదివారం."